ఆడ గొర్రెపిల్లల తొలిఎద - హార్మోను మందులు చేయగలిగినదెంత?

ఎల్.బి.నగర్ దాటి హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, ఇబ్రహీంపట్నం వైపు సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు, పాల లెక్కలు, దాణా నిల్వలు చూడడం ముగిసిన తరువాత సభ్యులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటి ఈమధ్య ఎక్కువైనది. "సార్, పిల్లకు ఏడాది దాటింది, ఇంకా ఎదకు రాలే. హార్మోను సూది వేయిస్తే వస్తదంటున్నరు. సంఘం నుంచి ఏమన్న సాయం ఇప్పిస్తరా?" అని. ఇక్కడ పిల్ల అంటే గేదె దూడ కాదు, ఆడ గొర్రెపిల్ల. పాల సంఘంలో గొర్రెల మాట ఏమిటని కొందరికి అనిపించవచ్చును. కాని పాలు పోసే మన సభ్యులలో అయిదో పదో గొర్రెలు కూడా ఉన్నవారు తక్కువేమీ కాదు. గేదె వట్టిపోయిన నెలల్లో ఇల్లు గడిచేది వాటి మీదనే. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం తెలంగాణలో 1 కోటి 90 లక్షల గొర్రెలున్నవి, గొర్రెల సంఖ్యలో అప్పుడు దేశంలో మొదటి స్థానం మనదే. అదీగాక, ఆడ గొర్రెపిల్లకు వర్తించే సూత్రమే మన పాకలోని పెయ్యకూ, పడ్డకూ వర్తిస్తుంది. అందువల్ల ఈ విషయం కొంచెం వివరంగా చెప్పదలచినాము.

ముందుగా సమాధానం చెప్పి తరువాత కారణాలు చెప్పుతాము. హార్మోను మందు సిద్ధంగా ఉన్న పిల్లను కొద్ది వారాలు ముందుకు తేగలదు, మందలో అన్నింటినీ ఒకే వారంలో ఎదకు తేగలదు. తూకం రాని పిల్లకు తూకం తేలేదు. డబ్బు ఖర్చయ్యేది మాత్రం రెండు సందర్భాలలోనూ ఒకటే.

తొలిఎద ఎలా వస్తుందో తెలిస్తే ఈ తేడా ఎందుకో అర్థమవుతుంది. ఆడ గొర్రెపిల్ల పుట్టినప్పటికే దాని అండకోశాలలో అండాలన్నీ ఉంటవి. పిల్ల కొద్ది నెలల వయసుకు వచ్చేసరికి అండకోశం పని చేయడానికి సిద్ధమే. పని మొదలుపెట్టమని ఆజ్ఞ రావలసినది పైనుంచి, అంటే మెదడు నుంచి. మెదడు అడుగు భాగంలో నుంచి ఒక హార్మోను చిన్న చిన్న విడతలుగా విడుదలై, దాని కిందనే వేలాడే పీయూష గ్రంథిని తట్టుతుంది. జి.ఎన్.ఆర్.హెచ్. అని పిలిచే ఈ హార్మోను నిర్మాణాన్ని కనిపెట్టినందుకే గిమ్యాఁ, షాలీ అనే శాస్త్రజ్ఞులకు 1977లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. గిమ్యాఁ దానిని వేరు చేసినది కబేళాల నుంచి తెప్పించిన లక్షల గొర్రెల మెదడు ముక్కల నుంచే. గొర్రె మానవజాతికి చేసిన ఉపకారాలలో ఉన్ని, మాంసం, పెంట మాత్రమే గాక ఇది కూడా చేర్చవలసి ఉన్నది.

ఆ తట్టుడు అందుకొని పీయూష గ్రంథి ఎల్.హెచ్. అనే మరో హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది అండకోశాన్ని చేరి అండపు తిత్తిని పెంచుతుంది. పెరుగుతున్న తిత్తి ఈస్ట్రోజన్ ఉత్పత్తి చేస్తుంది. చిన్న పిల్లలో ఈ ఈస్ట్రోజన్ రవ్వంత తయారైనా చాలు, మెదడు దానికి బెదరి ఆజ్ఞలు తగ్గించివేస్తుంది. తట్టుడు గంటల తరబడి ఆగిపోతుంది, తిత్తి పూర్తిగా పెరగక ముందే కుంగిపోతుంది. ఒళ్ళు ఎదిగే కొద్దీ మెదడు ఆ బెదురు పోగొట్టుకుంటుంది. తట్టుడు త్వరత్వరగా, సుమారు గంటకొకసారి రావడం మొదలవుతుంది. తిత్తి నిండుగా పెరుగుతుంది, ఈస్ట్రోజన్ ఒక్కసారిగా ఎక్కువవుతుంది, దానికి జవాబుగా ఎల్.హెచ్. వరదలా వచ్చి అండం విడుదలవుతుంది.

1980 దశకంలో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఫోస్టర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు గొర్రెపిల్లల మీద దీనిని పరీక్షించి చూచినారు. ఈడు రాని పిల్లలకు గంటగంటకు కొంచెం కొంచెంగా ఎల్.హెచ్. ఎక్కించగా అండం విడుదలైనది. అంటే కింది యంత్రాంగంలో లోపమేమీ లేదు. మరొక పరిశోధనలో పిల్లలకు మేత తగ్గించి, తూకం పెరగకుండా సుమారు 20 కిలోల వద్దనే నిలిపి ఉంచినారు. వాటి ఈడు పిల్లలు ఎదకు వచ్చే కాలం దాటిపోయినా అవి రాలేదు. మెదడు తట్టుడు అలాగే నెమ్మదిగా ఉండిపోయినది. తరువాత వాటికి కడుపు నిండా మేత పెట్టగా కొద్ది వారాలలోనే ఎల్.హెచ్. విడతలు పెరిగి, అవీ ఎదకు వచ్చినవి. వాటికి మందు ఇవ్వలేదు, మేత మాత్రమే ఇచ్చినారు. మన సభ్యులందరూ ఈ ఒక్క పరిశోధన సంగతి తెలుసుకొంటే చాలునని మా అభిప్రాయం. మెదడు వయసును గాక ఒంటి నిల్వను చూచుకొని ఆజ్ఞ ఇస్తుంది. ఒంట్లో కొవ్వు ఎంత ఉన్నదో తెలిపే లెప్టిన్ అనే హార్మోను కూడా ఈ వార్తను మెదడుకు మోసుకుపోతుందని తరువాతి కాలంలో తెలిసింది.

మరి మన గొర్రెకు ఎంత తూకం రావాలి? పెద్దయిన తరువాత ఉండే తూకంలో నూటికి 60 నుంచి 65 పాళ్ళు వచ్చిన తరువాతనే పొట్టేలుకు చూపించవలెను. దక్కనీ జాతి గొర్రె, అంటే మన గొంగళ్ళకు ఉన్నినిచ్చే నల్లగొర్రె, పెద్దయితే సుమారు 28-30 కిలోలుంటుంది. దానికి 65 పాళ్ళు అంటే 18 నుంచి 20 కిలోలు. నెల్లూరు జాతి గొర్రె పొడగరి. పల్ల, జోడిపి, దొర అనే మూడు రకాలలో ఏదైనా సరే, అది 21-23 కిలోలకు రావలెను. మీ మంద కలగలుపుదయితే, ఇంట్లో ఉన్న మంచి పెద్ద గొర్రెలు నాలుగింటిని తూచి, సగటు తీసి, దానిలో మూడింట రెండు వంతులు లెక్క వేసుకుంటే సరిపోతుంది.

వయసు విషయంలో సభ్యులు చెప్పే లెక్కలను మేము పూర్తిగా నమ్మడం లేదు. "పోయిన దసరా ముందు పుట్టింది" అంటారు, పళ్ళు చూస్తే ఇంకా పాలపళ్ళే ఉంటవి. ముందరి పాలపళ్ళు రెండు ఊడి రెండు పెద్దపళ్ళు వచ్చేది ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యలో. పాలపళ్ళతో ఉన్న పిల్ల ఎదకు రాకపోతే తొందర పడవలసినది లేదు. రెండు పళ్ళు వచ్చి, తూకం కూడా వచ్చి, అయినా ఎద కనిపించకపోతేనే డాక్టరు దగ్గరకు పోవలెను. రెండు పళ్ళు వచ్చి తూకం రానిదైతే పోవలసినది మేత దగ్గరకు.

ఎల్.బి.నగర్ చుట్టుపక్కల పిల్లలు ఎందుకు వెనకబడుతున్నవంటే కారణం కళ్ళ ముందే ఉన్నది. సరూర్‌నగర్, కొత్తపేట, గడ్డిఅన్నారం ఒకప్పుడు వేరువేరు ఊళ్ళు, వాటి మధ్యన బీళ్ళు, చెరువు శిఖాలు ఉండేవి. ఎల్.బి.నగర్ మునిసిపాలిటీ 2007లో మహానగరంలో కలిసింది, 2018లో మెట్రో రైలు వచ్చింది. పెద్ద అంబర్‌పేట వద్ద ఔటర్ రింగు రోడ్డు దాకా ప్లాట్లే ప్లాట్లు. ప్రహరీగోడల మధ్య గొర్రె మేసేదేమున్నది? అందువల్ల దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వైపు కూరగాయల దుకాణాల వద్ద మిగిలిన గోబి ఆకులు, కాలీఫ్లవర్ మట్టలు తెచ్చి వేస్తున్నారు. గంప నిండుగా కనిపిస్తుంది, గొర్రె కడుపు కూడా ఉబ్బుతుంది. కాని అందులో నూటికి 90 పాళ్ళు నీళ్ళే. 2 కిలోల గోబి ఆకు తిన్న పిల్లకు దక్కే ఎండు పదార్థం 200 గ్రాములు మాత్రమే. 15 కిలోల పిల్లకు రోజుకు కావలసినది 500 గ్రాములకు పైగా. మిగిలిన 300 గ్రాములు ఎక్కడి నుంచి వస్తవి? పూర్వం కొత్తపేట పండ్ల మార్కెట్టు నుంచి తొక్కలు, మాగిన పండ్లు తెచ్చే అలవాటు కొందరికి ఉండేది. 2021-22లో మార్కెట్టు బాటసింగారం తరలిపోవడంతో అది కూడా తగ్గిపోయినది. దానికి మేము పెద్దగా విచారించడం లేదు. ఒకేసారి గంపెడు మాగిన పండ్లు తిన్న గొర్రె కడుపు పులిసి చనిపోవడం అరుదైన సంగతి కాదు.

పిల్లకు రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా, వేరుశనగ కట్టె గాని కంది పొట్టు గాని, కొంత పచ్చిమేత ఉండవలెను. సుబాబుల్ ఆకు మంచిదే కాని మొత్తం మేతలో మూడోవంతు మించరాదు, అందులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. సంఘంలో దొరికే ఖనిజ లవణ మిశ్రమం గొర్రెకు కూడా పనికివస్తుందా అని అడుగుతారు. పనికివస్తుంది గాని అందులో రాగి ఎంత ఉన్నదో సంచి మీద చూడవలెను. గేదెకు సరిపోయే రాగి గొర్రె కాలేయానికి ఎక్కువ కావచ్చును, కాబట్టి గొర్రెల కోసం తయారైనది కొనడమే మేలు. నట్టల మందు తొలకరికి ముందు ఒకసారి, వానలు తగ్గిన తరువాత ఒకసారి తప్పదు. పొట్టలో నట్టలున్న పిల్లకు పెట్టిన దాణాలో కొంత నట్టలకే పోతుంది.

ఈ విధంగా పెంచితే ఎన్నాళ్ళు పడుతుంది? 14 కిలోల దక్కనీ పిల్ల 19 కిలోల 500 గ్రాములకు రావాలంటే 5 కిలోల 500 గ్రాములు పెరగాలి. రోజుకు 80 గ్రాముల చొప్పున పెరిగినా 70 రోజులలో ఆ పని పూర్తవుతుంది. హార్మోను వేయించాలని ఉగాదికి వచ్చిన ఆలోచనను 70 రోజులు వాయిదా వేసి ఆ డబ్బు దాణాకు పెడితే, మృగశిర కార్తె నాటికి పిల్ల తనంత తానే ఎదకు వచ్చే అవకాశం ఎక్కువ.

రాత్రంతా వీధి దీపాలు వెలుగుతున్నందువల్ల గొర్రెలు ఎదకు రావడం లేదని ఒక సభ్యుడు వాదించినాడు. ఆయన ఎక్కడో చదివినది అబద్ధం కాదు. చలిదేశాల గొర్రెకు పగటి పొడవే పంచాంగం. లండనులో జూన్ నెలలో పగలు 16 గంటలకు పైగా, డిసెంబరులో 8 గంటల లోపు. రాత్రి పెరిగేకొద్దీ మెదడులో మెలటోనిన్ ఎక్కువసేపు ఊరుతుంది, దానిని బట్టి అక్కడి గొర్రెలు శరత్కాలంలో ఎదకు వస్తవి. అక్కడి వారు చెవి చర్మం కింద 18 మిల్లీగ్రాముల మెలటోనిన్ బిళ్ళ పెట్టి ఎద కాలాన్ని ముందుకు జరుపుకొంటారు. మన హైదరాబాదులో ఎండాకాలపు పగటికి, చలికాలపు పగటికి తేడా సుమారు 2 గంటలే. మన జాతుల గొర్రెలకు వానా, వాన వెనుక వచ్చే గడ్డీ ముఖ్యం. ఎల్.బి.నగర్ చౌరస్తాలోని దీపాల మీద నేరం మోపనవసరం లేదు, మెలటోనిన్ బిళ్ళ తెప్పించనవసరమూ లేదు.

ఇక మందుల సంగతి. ఇందులో ఎక్కువగా వాడేది స్పాంజి పద్ధతి. 1960 దశకంలో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయపు రాబిన్సన్ దీనిని వాడుకలోకి తెచ్చినాడు. ప్రొజెస్టరోన్ జాతి హార్మోను పట్టించిన చిన్న స్పాంజిని గొర్రె యోనిలో 12 నుంచి 14 రోజులు ఉంచుతారు. తీసివేసిన రోజున చూడి గుర్రపు రక్తం నుంచి తీసిన పి.ఎం.ఎస్.జి. అనే హార్మోను సూది వేస్తారు. ఆ తరువాత సాధారణంగా 24 నుంచి 60 గంటల లోపల ఎద కనిపిస్తుంది. మన దేశంలో రాజస్థాన్‌లోని అవికానగర్‌లో ఉన్న కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ అవికెసిల్-ఎస్ అనే పేరుతో స్వదేశీ స్పాంజి తయారు చేసింది.

ఎదకు రావలసిన పిల్లకు, చూడి సమయంలో ఎద రాకుండా ఆపే ప్రొజెస్టరోన్ ఇవ్వడమేమిటని చదువుకున్న సభ్యులు అడుగుతారు. మంచి ప్రశ్న. ఆడ గొర్రెపిల్లలో మొట్టమొదటిసారి అండం విడుదలైనప్పుడు చాలాసార్లు ఎద లక్షణాలే కనిపించవు. దీనిని మూగ ఎద అంటారు. గొర్రె మెదడు ఎద చూపించాలంటే అంతకు ముందు కొన్నాళ్ళు ప్రొజెస్టరోన్ రుచి చూచి ఉండాలి. మొదటిసారి అది ఉండదు. అండం విడుదలైన చోట ఏర్పడే పసుపురంగు ముద్ద, కార్పస్ లూటియం అని డాక్టర్లు అనేది, అప్పుడు ప్రొజెస్టరోన్ ఇస్తుంది. అది తగ్గిన తరువాత వచ్చే రెండవ విడతలో గాని ఎద బయటికి కనిపించదు. స్పాంజి ఆ మొదటి విడత పనిని చేసి పెడుతుంది. కనుకనే సిద్ధంగా ఉన్న పిల్లలో అది బాగా పని చేస్తుంది. సిద్ధంగా లేని పిల్లలో స్పాంజి తీసిన తరువాత ఎద కనిపించినా, పసుపు ముద్ద బలహీనంగా ఏర్పడి ముందుగానే కరిగిపోవచ్చును. చూలు కట్టదు, కట్టినా నిలవదు. పొట్టేలు ఎక్కడం చూచి సభ్యుడు సంతోషిస్తాడు, సుమారు 17 రోజులకు మళ్ళీ ఎద వస్తే మందు మంచిది కాదంటాడు, రాకపోతే చూడి కట్టిందనుకుంటాడు. అయిదు నెలలు చూచిన తరువాత గాని కట్టలేదని తెలియదు.

పడుచు గొర్రెకు స్పాంజి పెట్టడం పెద్ద గొర్రెకు పెట్టినంత సులభం కాదు. దారి ఇరుకు, గొట్టం బలవంతంగా నెట్టితే గాయమవుతుంది. శుభ్రమైన చేతితొడుగు వేసుకొని, వేలితో నెమ్మదిగా, డాక్టరు గాని శిక్షణ పొందినవారు గాని పెట్టవలెను. తీసినప్పుడు దుర్వాసనతో కూడిన ద్రవం వచ్చును, సాధారణంగా అది రెండు రోజులలో తగ్గిపోవును. పెట్టిన స్పాంజిలు ఎన్ని, తీసినవి ఎన్ని అని లెక్క రాసుకోవలెను. లెక్కలు చూచే వృత్తిలో ఉన్నందువల్ల చెప్పడం లేదు. దారం తెగి లోపల ఉండిపోయిన స్పాంజి ఆ గొర్రెను గొడ్రాలిని చేయగలదు. పి.ఎం.ఎస్.జి. మోతాదు ఎక్కువైతే మూడు నాలుగు అండాలు విడుదలై, మోయలేనన్ని పిల్లలు పడతవి. ఎక్కువ వేస్తే ఎక్కువ ఫలితమనే మాట ఈ సూది దగ్గర పనికిరాదు.

ఇంతకంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటున్నది. "ఎద సూది" అని మందుల దుకాణాల్లో అడిగితే చేతిలో పెట్టే సీసాలలో ఎక్కువ భాగం ప్రొస్టాగ్లాండిన్ జాతివి. ఆ మందు చేసే పని ఒక్కటే. అండకోశంలో ఉన్న పసుపు ముద్దను కరిగించడం. ముద్ద కరిగితే ఎద వస్తుంది. కాని తొలిఎదే రాని పిల్లలో ముద్ద ఎక్కడిది? లేనిదానిని కరిగించేదేమిటి? సూది వేయించిన వారం తిరిగినా ఏమీ కాదు, "ఇంకొకటి వేయండి" అంటారు. ఇక పిల్ల మూగగా ఎదకు వచ్చి, మందలోని పొట్టేలు వల్ల ముందే చూలు కట్టి ఉంటే, ఆ సూదితో చూలు పోయే ప్రమాదం ఉన్నది. ఒక సందర్భంలో పనికిరాని మందు, మరొక సందర్భంలో నష్టం చేసే మందు. పరీక్ష చేయకుండా దీనిని వేయించరాదు. అంతేగాక ఈ మందు మనిషి చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. చూలుతో ఉన్న స్త్రీలు, ఉబ్బసం ఉన్నవారు సీసాను గాని వాడిన సూదిని గాని ముట్టుకోరాదు. మన ఇళ్ళలో పశువును పట్టుకొని నిలబడేది సాధారణంగా కోడళ్ళు, కూతుళ్ళే గనుక ఈ మాట ఇంట్లో కూడా చదివి వినిపించగోరుతున్నాము.

హార్మోను సూది అనగానే దిల్‌సుఖ్‌నగర్ కాలనీలలో పాలు కొనే వారికి మరొకటి గుర్తుకు వస్తుంది, గేదె చేపడానికి వేసే ఆక్సిటోసిన్. దానికి, దీనికి సంబంధం లేదు. పాల కోసం అలా సూదులు వేసి పశువు ఆరోగ్యం చెడగొట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షను కింద నేరం. స్పాంజి వేయించిన సభ్యుని ఇంటి ముందు ఎవరైనా గొడవ చేస్తే ఈ తేడా చెప్పగలగాలి. డాక్టరు చీటీ దగ్గర ఉంచుకొంటే చెప్పడం సులభం.

ఖర్చు లేని హార్మోను ఒకటి మన మందలోనే ఉన్నది, పొట్టేలు. దాని ఒంటి వాసనకు ఆడ గొర్రె మెదడు తట్టుడు వేగం పెరుగుతుంది. ఎదకు దగ్గరగా ఉన్న పిల్లలలో, కొత్తగా పొట్టేలును వదిలిన రెండు మూడు రోజులలోనే అండం విడుదల కావచ్చును. అది మూగ ఎద, కంటికి కనిపించే ఎద సుమారు 17 నుంచి 24 రోజులకు వస్తుంది. కాని ఏడాది పొడుగునా పొట్టేలు మందలోనే తిరుగుతుంటే ఆ వాసనకు అలవాటుపడి ఫలితం ఉండదు. ఎల్.బి.నగర్ వైపు స్థలం లేక అన్నింటినీ ఒకే రేకుల షెడ్డులో కట్టుతున్నారు. నెల రోజులకు తక్కువ కాకుండా పొట్టేలును కనిపించనంత, వాసన రానంత దూరంగా, పొరుగు ఊరిలోని బంధువుల మందలో ఉంచి, తూకం వచ్చిన పిల్లల దగ్గరకు తిరిగి తేవలెను. ఇద్దరు సభ్యులు పొట్టేళ్ళను మార్చుకొంటే మరీ మంచిది. తన కూతుళ్ళనే పొట్టేలు దాటే దోషం కూడా తప్పుతుంది. పడుచు గొర్రెలకు సిగ్గెక్కువ, పెద్ద గొర్రెల వలె పొట్టేలును వెదుక్కొంటూ పోవు. పెద్దవాటితో కలిపి ఉంచితే పొట్టేలు పెద్దవాటి వెంటనే పోతుంది. వేరుగా కట్టి చూపవలెను.

2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో 20 ఆడ గొర్రెలకు 1 పొట్టేలు చొప్పున యూనిట్లు ఇచ్చినారు. మామూలుగా ఒకదాని వెనుక ఒకటి ఎదకు వచ్చే మందలో ఆ లెక్క సరిపోతుంది. 20 పిల్లలకూ ఒకే రోజున స్పాంజి తీస్తే, అన్నీ రెండు రోజులలో ఎదకు వస్తే, ఒక్క పొట్టేలు ఏమి చేయగలదు? అప్పుడు 5 లేక 6 పిల్లలకు ఒక పొట్టేలు కావలెను. లేదా విడతలు విడతలుగా స్పాంజిలు పెట్టించవలెను.

కాలం కూడా చూచుకోవలెను. గొర్రె చూడి కాలం సుమారు 150 రోజులు. జూలై మొదటి వారంలో చూలు కడితే నవంబరు నెలాఖరులో ఈనుతుంది, వానల మేత తిన్న ఒంటితో. జనవరి మధ్యలో కట్టిస్తే జూన్ మధ్యలో ఈనుతుంది. కడుపులో పిల్ల పుట్టుక తూకంలో నూటికి 70 పాళ్ళు పెరిగేది చివరి 6 వారాలలోనే. అంటే మే నెల ఎండల్లో, ఆకు కూడా దొరకని కాలంలో. తానే ఇంకా ఎదగవలసిన తొలిచూలు గొర్రె అప్పుడు తన ఒళ్ళు కరిగించి పిల్లను మోస్తుంది. ఈనలేక చస్తుంది, లేదా ఈని పాలు లేక పిల్లను వదిలేస్తుంది. మందు పనిచేసినందువల్ల వచ్చే నష్టమిది. ఒక ఈత ముందుగా సంపాదించాలని గొర్రెనే పోగొట్టుకున్న సభ్యులను మేము చూచినాము. బీమా లేని గొర్రెకు సంఘం ఇవ్వగలిగినది సానుభూతి మాత్రమే.

పడ్డల విషయం రెండు మాటల్లో చెప్పుతాము. ముర్రా సంకరపు పడ్డ 300 కిలోలు, సంకరజాతి పెయ్య 250 కిలోలు దాటేవరకు హార్మోను వైద్యం జోలికి పోరాదు. పెద్ద కాటా లేకపోతే కొలతాడు చాలును. ముందుకాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాలలో కొలిచి, చుట్టుకొలతను చుట్టుకొలతతో, దానిని పొడవుతో హెచ్చించి 300తో భాగిస్తే పౌండ్లు వస్తవి. 60 అంగుళాల చుట్టు, 48 అంగుళాల పొడవు ఉన్న పడ్డ 576 పౌండ్లు, అంటే సుమారు 260 కిలోలు. చూపుకు నిండుగా ఉన్నా దానికి ఇంకా 40 కిలోలు కావలెను.

హార్మోను మందులకు సంక్షేమ నిధి నుంచి సగం ఖర్చు ఇవ్వాలని తీర్మానాలు చేయదలచిన పాలకవర్గాలకు మా సలహా ఇది. తీర్మానం చేయండి, కాని పిల్ల తూకం, పళ్ళు, చివరిసారి నట్టల మందు తాగించిన తేదీ దరఖాస్తులో రాయించి, పశువైద్యాధికారి పరీక్ష చేసి సంతకం పెట్టిన వాటికే ఇవ్వండి. తూకం తక్కువైన పిల్లలకు అదే డబ్బు దాణా రూపంలో, 70 రోజులకు సరిపడా, అరువు మీద ఇవ్వవచ్చును. పాల బిల్లులో నుంచి మినహాయించుకోవచ్చును. దీనికి ప్రత్యేకంగా పుస్తకం అవసరం లేదు, దాణా రిజిస్టరులోనే ఒక గడి చేర్చుకుంటే చాలు. పాలు తూచే కాటా మీద మాత్రం గొర్రెపిల్లలను ఎక్కించవద్దు. దాణా బస్తాలు తూచే కాటా ప్రతి సంఘంలోనూ ఉన్నది, ఉదయం పాల వ్యాను పోయిన తరువాత అది సాయంత్రం దాకా ఖాళీగానే ఉంటుంది.